కప్పచేప అన్నాను

ఖతార్ వెళ్ళి వచ్చి నెల దాటింది. కాలేజీలో అందరూ ఎడారి ఎలా ఉంది, ఆ ఎత్తు మేడలు చూశావా, బంగారం కొన్నావా అని అడిగారు. బంగారం కొనలేదు గానీ మిగతావన్నీ చూశాను. అయినా ఎవరు కదిపినా నా నోటికి ముందు వచ్చేది ఒక చేప సంగతి. ఆ చేప వల్ల ఒక మనిషి పడిన బాధ సంగతి. ఆ బాధకు కారణం నేను. ఇంతవరకూ అందరికీ సగం చెప్పి ఆపేశాను. ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

నేను కాకినాడలో డిగ్రీ పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. చేపల వర్గీకరణ నాకు ఇష్టమైన పాఠం. రెక్కల ముళ్ళు లెక్కపెట్టి, పొలుసు చూసి, నోటి తీరు చూసి పేరు చెప్పడం పిల్లలకు ఆటలా నేర్పిస్తాను. ఈ ముక్క ముందే చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

అల్ తుమామా

మా చెల్లెలు సుజాత కుటుంబం దోహా దక్షిణాన అల్ తుమామాలో ఉంటుంది. మరిది రవి ఒక నిర్మాణ కంపెనీలో ఇంజినీరు. జనవరిలో వెళ్ళాను. ఎడారి దేశం కదా అని అన్నీ నూలు చీరలే సర్దుకున్నాను. దిగిన మర్నాడు పొద్దున బాల్కనీలో నిలబడితే పళ్ళు టకటకలాడాయి. మూడు రోజులు సుజాత స్వెట్టర్‌లోనే తిరిగాను.

వీధి చివర దుకాణంలో గోంగూర దొరికింది. చిన్న కట్ట ఐదు రియాళ్ళు. మన డబ్బులోకి మార్చుకుని గుండె పట్టుకున్నాను. "ఇక్కడ అలా మార్చుకుంటే ఏమీ తినలేవు అక్కా" అంది సుజాత. రోడ్డు దాటడానికి మనిషి నిలబడితే కార్లు ఆగుతాయి. నాకు అలవాటు లేక, ఆగిన కారుకు దారిస్తూ చెయ్యి ఊపేదాన్ని. కారులోని అతను నాకు ఊపేవాడు. అలా ఇద్దరం నిలబడిపోయేవాళ్ళం.

రెండో రోజు సాయంత్రం తలుపు కొట్టిన మనిషి పేరు లింబాద్రి. నలభై ఐదేళ్ళుంటాయి. మెట్‌పల్లి దగ్గర పల్లె. రవి పనిచేసే సైటులోనే ఇనుప చువ్వలు కట్టే పని. సెలవు రోజున సముద్రం ఒడ్డున గాలం వేస్తాడు, పడినదాంట్లో ఒకటి రెండు సుజాతకు తెచ్చిస్తాడు. సుజాత పచ్చడి డబ్బా ఇస్తుంది. పదేళ్ళుగా సాగుతున్న మర్యాద అది. ఆ రోజు సంచిలో రెండు షెరీ చేపలు తెచ్చాడు. గడప దాటి లోపలికి రమ్మంటే రాలేదు.

"మా అక్క. కాలేజీలో చేపల గురించి పాఠాలు చెబుతుంది" అని సుజాత పరిచయం చేసింది.

లింబాద్రి నా వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. "చేపలకు గూడ సదువు ఉంటదా మేడం" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఉంటుంది. ప్రతి చేపకూ ఒక పేరు, ఒక ఇంటిపేరు" అన్నాను.

"మాకు గవేం తెల్వయి మేడం. పడ్డది తింటం. శుక్రారం అటు ఉత్తరం దిక్కు పోతున్న. రాళ్ళల్ల మంచిగ పడ్తయి. సార్‌తోని మీరు గూడ రారి. మీరు పేర్లు జెప్తే మేం నేర్చుకుంటం."

నేను వెంటనే ఒప్పుకున్నాను.

వక్రా చేపల బజారు

మర్నాడు సుజాత నన్ను వక్రా చేపల బజారుకు తీసుకెళ్ళింది. అడుగుపెట్టగానే ఏదో లోటు అనిపించింది. కాసేపటికి తెలిసింది, అమ్మేవాళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు. కాకినాడ రేవులో చేపల బేరమంటే ఆడవాళ్ళ గొంతే. ఇక్కడ బెంగాలీలు, మలయాళీలు, అందరూ మగవాళ్ళు. నీచు వాసన కూడా తక్కువ. చేప ఒక చోట కొని, కోయించడానికి మరో చోటికి వెళ్ళి విడిగా డబ్బు కట్టాలి. కత్తిపీట లేదు. నిలబడి పెద్ద కత్తితో కోస్తారు.

అక్కడి రాజు చేప హమూర్. రాళ్ళ మధ్య బతుకుతుంది, ఒంటినిండా గోధుమ రంగు చుక్కలు. మన విశాఖ వైపు పాతవాళ్ళు బొంతు అనే జాతే ఇది. కిలో నలభై ఐదు రియాళ్ళు చెప్పాడు ఒక బెంగాలీ కుర్చీ మీద నుంచి లేవకుండానే. ఐసు మీద పరిచిన వాటిలో రెండు నాకు తేడాగా కనిపించాయి. రెక్క ఎత్తి ముళ్ళు లెక్కపెట్టి, తోక చూసి, "ఇవి హమూర్ కాదు, దాని చుట్టం" అని హిందీలో అన్నాను. అతను లేచి నిలబడ్డాడు. పక్క దుకాణం వాడు పగలబడి నవ్వాడు. మా బెంగాలీ కూడా చివరికి నవ్వి, అసలు హమూర్ తీసి తూచి, నా చేతికిస్తూ, "లో డాక్టర్ సాబ్" అన్నాడు.

ఇంటికొచ్చాక సుజాత ఈ కథ రవికి రెండుసార్లు చెప్పింది. రవి సైటులో లింబాద్రికి చెప్పాడట. నాకు ఆ పొగడ్త ఎంత నచ్చిందో దాచుకోను. రాత్రి పడుకునేముందు కూడా గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఉత్తరాన రాళ్ళ ఒడ్డు

శుక్రవారం పొద్దున్నే రవి కారులో ముగ్గురం బయల్దేరాం. రవి, లింబాద్రి, నేను. సుజాత పిల్లల పరీక్షలని ఆగిపోయింది. దోహా వదిలాక రోడ్డుకు రెండు పక్కలా ఏమీ లేదు. ఇసుక కాదు, గట్టి నేల, రాళ్ళు. అంత ఖాళీ నేను ఎప్పుడూ చూడలేదు.

సముద్రం చూసి మళ్ళీ ఆశ్చర్యపోయాను. ఉప్పాడలో అలలు ఇళ్ళను మింగుతాయి. ఇక్కడ అలే లేదు. పోటు తీసి నీళ్ళు చాలా దూరం వెనక్కి వెళ్ళిపోయాయి. మోకాలి లోతులో, అద్దంలాంటి నీటి అడుగున రాళ్ళు, నాచు, గవ్వలు కనిపిస్తున్నాయి. దూరంగా ఒక ఖతారీ కుటుంబం తివాచీ పరుచుకుని కూర్చుంది. తెల్లటి గౌనులాంటి బట్టల్లో ఒక పెద్దాయన చిన్న పొయ్యి మీద కెటిల్ పెట్టుకుని మా వైపు చూసి చెయ్యెత్తాడు.

లింబాద్రి తన రబ్బరు బూట్లు విప్పి నా ముందు పెట్టాడు. "మేడం, ఇవి తొడుక్కోరి. ఈ రాళ్ళల్ల పైలం. ఏ రాయి రాయో, ఏది కాదో తెల్వది."

"మరి మీకో?"

"నాకు చెప్పులున్నయి."

ఆయన గాలం పట్టే పద్ధతి చూడాలి. కర్ర లేదు. ఒక ప్లాస్టిక్ డబ్బాకు చుట్టిన దారం, చివర సీసం ముక్క, రొయ్య. రెండు రాళ్ళ సందులోకి చూసి వదులుతాడు. అరగంటలో సాఫీ చేపలు నాలుగు పడ్డాయి. వాటి ముళ్ళు గుచ్చుకోకుండా తడిగుడ్డతో పట్టుకుని గాలం తీస్తాడు. తర్వాత అరచేయంత హమూర్ పిల్ల ఒకటి పడింది. నేను దాని శాస్త్రీయ నామం చెప్పాను. ఆయన ఆ పేరు రెండుసార్లు అనడానికి ప్రయత్నించి, నవ్వి, చేపను నీళ్ళలోకి వదిలేశాడు. "పిల్ల గద మేడం. పెద్దగైనంక వస్తది."

తొమ్మిదింటికి ఒడ్డున కూర్చుని తిన్నాం. సుజాత పులిహోర కట్టింది. లింబాద్రి క్యాంపులో వండుకున్న చేపల పులుసు తెచ్చాడు. మా గోదావరి పులుసు కంటే చిక్కగా, మెంతుల వాసనతో ఉంది. నేను రెండుసార్లు వేయించుకున్నాను. "మా అవ్వ గిట్లనే చేస్తది. ఆమె ఎన్నడు సముద్రం చూడలే. చెర్ల చేపలే. నేను దుబాయ్‌ల ఉన్న అనుకుంటది ఇంక" అన్నాడు.

తిన్నాక మళ్ళీ నీళ్ళలోకి దిగాం. కాసేపటికి లింబాద్రి దారం బిగిసింది. రాయికి తగులుకుందనుకున్నాడు. మెల్లగా లాగితే ఆ రాయి కదిలింది. పైకి వచ్చింది చేపలా లేదు. జానెడు పొడవు, బురద రంగు, ఒళ్ళంతా బొడిపెలు, మధ్య మధ్య నాచు. నీళ్ళలోంచి తీసినా గిలగిలా కొట్టుకోలేదు. వేలాడుతూ ఉండిపోయింది.

లింబాద్రి దాన్ని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. "మేడం, గిది గలీజ్‌గున్నది. ముట్టుడు వద్దు. దారం తెంపేద్దం."

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. వెడల్పు తల, పెద్ద నోరు, పొలుసు లేని ఒళ్ళు. నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"కప్పచేప" అన్నాను. "ఈ సముద్రంలో ఉంటుంది. విషమేమీ లేదు. నోటితో కరుస్తుంది, అందుకని ముందువైపు చెయ్యి పెట్టకండి. వీపు మీద నుంచి గట్టిగా పట్టుకోండి. నేను ఫొటో తీసుకుంటాను."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత చేప వైపు చూశాడు. ఎడమచెయ్యి చాచి దాని వీపు చుట్టూ వేళ్ళు బిగించాడు.

అరుపు రాలేదు. గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది. చేప నీళ్ళలో పడింది. ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. మూడు చోట్ల రక్తపు చుక్కలు. "ఏం గాలె మేడం" అన్నాడు. ఆ మాట ముగిసీ ముగియకుండానే మోకాళ్ళ మీద నీళ్ళలో కూలబడ్డాడు.

కెటిల్ నీళ్ళు

రవీ నేనూ ఆయన్ని చెరో రెక్కా పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చాం. ఆ కాస్త దూరంలోనే చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. ఇసుకలో పడుకుని కాళ్ళు కొట్టుకుంటున్నాడు. "అవ్వా, అవ్వా" అంటున్నాడు. పదిహేనేళ్ళుగా ఎండలో ఇనుము మోసిన మనిషి. పసిపిల్లవాడిలా ఏడుస్తున్నాడు. "చెయ్యి తెంపుండ్రి సార్, తెంపుండ్రి" అని రవి కాలు పట్టుకున్నాడు.

 ఏం చేయాలో నాకు ఒక్క మాట గుర్తుకు రాలేదు. నోట్లోంచి "ఐసు, ఐసు పెట్టండి" అన్న మాట వచ్చింది. రవి చేపల డబ్బాలోంచి ఐసు తీసి గుడ్డలో మూటగట్టి ఆ చేతికి అదిమాడు. లింబాద్రి ఈసారి నిజంగా కేక పెట్టాడు.

ఆ కేక విని తివాచీ మీది పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, చెప్పులు లేకుండా వచ్చాడు. రవి ఉబ్బిన చెయ్యి చూపించి, నీళ్ళ వైపు చూపించాడు. ఆయన నీళ్ళలోకి నాలుగడుగులు వేసి వంగి చూశాడు. దారం ఇంకా దాని నోట్లోనే ఉంది కాబట్టి ఆ రాయి ఎక్కడుందో తెలిసింది.

"ఫ్రియాలా" అని దాని పేరు చెప్పాడు. మా ఇద్దరి వైపూ తిరిగి, గల్ఫ్ హిందీలో, "బరఫ్ మాఫీ. గరమ్ పానీ. యల్లా, గరమ్ పానీ" అన్నాడు, ఐసు వద్దు, వేడినీళ్ళు కావాలని.

ఐసు మూట లాక్కుని విసిరేశాడు. తన వాళ్ళను కేకేశాడు. ఒకామె కెటిల్, ఒక గిన్నె పట్టుకుని వచ్చింది. పొగలు కక్కుతున్న నీళ్ళు చూసి, ఉబ్బిన చెయ్యి కాల్చేస్తారని నేను అడ్డం వెళ్ళాను. ఆయన నన్ను తోసేయలేదు. గిన్నెలో చన్నీళ్ళు కలిపి, ముందు తన చెయ్యి మణికట్టు దాకా ముంచి, పది లెక్కపెట్టేంతసేపు ఉంచి, నాకు చూపించాడు. తర్వాత లింబాద్రి చెయ్యి పట్టుకుని అందులో ముంచాడు.

నాలుగైదు నిమిషాలకు ఏడుపు మూలుగైంది. పది నిమిషాలకు లింబాద్రి కళ్ళు తెరిచి ఆ పెద్దాయన మొహం చూశాడు. నీళ్ళు చల్లారుతుంటే ఆయన కాస్త కాస్త వేడినీళ్ళు కలుపుతూనే ఉన్నాడు.

అప్పుడు నాకు తెలిసింది అదేమిటో. రాతిచేప. వీపు మీద పదమూడు ముళ్ళు, ప్రతి ముల్లుకూ విషపు సంచి. వేడికి ఆ విషం విరుగుతుంది. ఇదంతా నేను ఏటా పాఠం చెబుతాను. మా ప్రయోగశాలలో సీసాలో ఒకటి ఉంది కూడా. ఫార్మలిన్‌లో నాని తెల్లగా పాలిపోయి, నాచు లేకుండా, ముళ్ళు నిక్కబొడుచుకుని ఉంటుంది. బతికున్నది ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. కప్పచేప నోరు అడ్డంగా ఉంటుంది, దీని నోరు ఆకాశంవైపు తెరుచుకుంటుంది. గాలం లాగి నోటి తీరు మార్చేసింది. నేను రెండోసారి చూడలేదు. పట్టుకోకూడని చోటే పట్టుకోమన్నాను.

 కెటిల్ తెచ్చినావిడ నా చేతిలో తీపి టీ గ్లాసు పెట్టింది. సగం చీర మీద పోసుకున్నాను.

ఆసుపత్రిలో

పెద్దాయన కెటిల్‌నూ గిన్నెనూ మాకే ఇచ్చేశాడు. కారు వెనక సీట్లో నేను లింబాద్రి చెయ్యి గిన్నెలో పట్టుకుని కూర్చున్నాను. ఆయన తల నా భుజానికి వాలింది. చెమటతో చొక్కా తడిసిపోయింది. మధ్యలో ఒకసారి ఊపిరి అందక నోరు తెరిచి పీల్చాడు. అప్పుడు నాకు కలిగిన భయం చెప్పలేను. ఈ మనిషి ఇక్కడ చనిపోతే వాళ్ళ అవ్వకు ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు అనుకున్నాను.

ఆసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకున్నారు. ఒక మలయాళీ నర్సు అడిగింది, ఏం కుట్టింది, ఎలా కుట్టింది అని. నేను నోరు తెరిచేలోపే లింబాద్రి హిందీలో చెప్పాడు, "నేనే తెలియక పట్టుకున్నాను, సిస్టర్."

"కాదు" అన్నాను. "నేను పట్టుకోమన్నాను. విషం లేదని నేనే చెప్పాను."

నర్సు నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీరెవరు?"

"జంతుశాస్త్రం టీచర్ని."

ఆమె రాస్తున్న కలం ఆగింది. పరదా లాగింది.

మూడు రోజులు ఉంచుకున్నారు. మొదటి రోజు గుండె కొట్టుకోవడం తప్పుతోందని తీగలు పెట్టారు. రెండో రోజుకు కుదుటపడింది. చెయ్యి మాత్రం మోచేతి దాకా నీలంగా ఉంది. నేను తిరగాల్సిన చోట్లన్నీ వదిలేసి రోజూ అక్కడే కూర్చున్నాను. మెట్‌పల్లి నుంచి ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు, "ఏం లేదు, చిన్న ముల్లు ఇర్గింది" అని చెప్పాడు. పక్కన నేనున్నానని కాదు, నేను లేకపోయినా అలాగే చెప్పేవాడు.

అల్ సద్

నా ప్రయాణానికి ముందురోజు లింబాద్రికి అల్ సద్‌లోని క్లినిక్‌లో కట్టు మార్చారు. మూడు వారాలు డ్యూటీ లేదు, తర్వాత వేళ్ళు మామూలుగా ముడుచుకుంటాయన్నారు. చువ్వలు కట్టే మనిషికి వేళ్ళే కదా. ఆ మాట విన్నాక తేలికపడి నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఎదురుగా ఒక చిన్న టీ దుకాణం ఉంది. యాలకులు దట్టించి మరగబెట్టిన టీని అక్కడ కరక్ అంటారు. రియాలు ఇస్తే కాగితపు కప్పు నిండా పోస్తారు. రవి కారు తేవడానికి వెళ్ళాడు. లింబాద్రీ నేనూ బల్ల దగ్గర కూర్చున్నాం. మూడు రోజులుగా మనసులో కూర్చుకున్నది అప్పుడు చెప్పాను.

"లింబాద్రిగారూ, నాకు తెలియదని ఒప్పుకోవాల్సింది. సరిగ్గా చూడకుండా తెలిసినట్టు చెప్పాను. నన్ను క్షమించండి."

ఆయన కప్పు కింద పెట్టాడు. 

"మేడం, ఒక ముచ్చట జెప్త, ఏమనుకోవద్దు. గది నాకు ఎర్కే."

"ఏది?"

"గా చేప. మస్తు ఏండ్ల కింద ఒక బంగ్లా దోస్తు చూపెట్టిండు. రాయి లెక్కనే ఉంటది, పొడిచినా ఉర్కది, దాన్ని ముట్టకు అన్నడు. గందుకే తెంపేద్దం అన్న."

 "మరి ఎందుకు పట్టుకున్నారు?" అన్నాను.

"మీరు విషం లేదన్నరు గద. చేపల సదువు సదివినోళ్ళు. బజార్ల గా బంగాలోనికే జెప్పిన్రట. నేనే తప్పు యాద్‌పెట్టుకున్ననేమో అనుకున్న. సార్ ముంగట, మీ ముంగట, కాదని ఎట్లంట మేడం." కొంచెం ఆగి అన్నాడు, "ఒక్కసారి చెప్పిన గద, ముట్టుడు వద్దని."

అవును, చెప్పాడు. అప్పుడు నేను ఫొటో కోసం ఫోను తీస్తున్నాను.

 ఆయనకు తెలుసు. తెలిసి, నా మాట మీద చెయ్యి చాచాడు.

ఏడవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. ఆయనే కంగారు పడి, "మేడం, మేడం, ఏడ్వకున్రి. ఒక పని చేద్దం" అన్నాడు. వాళ్ళ క్యాంపులో మనవాళ్ళు చాలామంది గాలాలు వేస్తారట. వాళ్ళ ఫోన్ల గ్రూపులో ఈ చేప గురించి చెప్పాలన్నాడు. "మీరు మంచిగ జెప్తరు. మాట్లాడున్రి."

"మీరు చెప్పండి" అన్నాను. "ఎలా గుర్తుపట్టాలో మీకే తెలుసు. నేను రాసుకుంటాను."

సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. ఆయన ఫోను బల్ల మీద పెట్టి, మంచి చేతి వేలితో రికార్డు గుర్తు నొక్కి పట్టుకుని మొదలుపెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. రాయి లెక్క ఉంటది. పొలుసుండది. నోరు మీదికుంటది. కట్టెతోని కదిపినా జరగది. పడితే దారం తెంపున్రి. ముల్లు ఇర్గితె ఐసు పెట్టకున్రి, ఓర్సుకునేటంత వేడినీళ్ళు, ఎంబడే దవాఖాన. నేను ఒక్కొక్కటీ రాశాను.

"ఇంకొకటి" అని ఆగాడు. వేలు ఫోను మీదే ఉంది. నా వైపు చూశాడు. చెప్పనా వద్దా అన్నట్టు.

చెప్పమని తలూపాను.

"ఎవలు ముట్టుమన్నా ముట్టకున్రి" అన్నాడు. "ఎంత సదువుకున్నోళ్ళు జెప్పినా సరే."